సిలువ దించకూడదన్నారు

నా చిన్నప్పుడు మా గుడివాళ్లు మా అవ్వను రోడ్డు పక్కన వదిలేసి, పాటలు పాడుకుంటూ ముందుకు వెళ్లిపోయారు. వాళ్లు దొంగలు కారు, తాగుబోతులు కారు. వేళాంగణి మాతను చూడడానికి నడిచి వెళ్తున్న భక్తులు. ఈ మాట నేను ఎప్పుడు ఎత్తినా, పాత సంగతులు ఇప్పుడెందుకని మా ఊళ్లో మొహం తిప్పుకుంటారు. పాతబడినంత మాత్రాన అది జరగకుండా పోతుందా?

మాది ఏర్పేడుకు దగ్గర పల్లె. నన్ను కని మా అమ్మ పోయింది. నాయన చిత్తూరు మామిడికాయల మండీలో మూటలు మోస్తూ ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చేవాడు. నన్ను పెంచింది ఆయన తల్లి, మా అవ్వ. ఒక ఏడు నాకు విషజ్వరం వచ్చి, ఒళ్లు తెలియకుండా పడి ఉన్నప్పుడు ఆమె మొక్కుకుంది. బిడ్డ లేచి తిరిగితే చెయ్యి పట్టుకుని వేళాంగణిదాకా నడిపించుకుని వస్తానని. నేను లేచి తిరిగాను. అప్పటి నుంచి ఆమెకు ఒకటే దిగులు. మొక్కు తీర్చకపోతే ఆ జ్వరం మళ్లీ నా కోసం వస్తుందని. రాత్రిళ్లు నిద్రలో కూడా నా నుదురు తడిమి చూసేది.

ఆ రోజుల్లో మాత పండుగకు మా గుడి నుంచి ఏటా ఒక గుంపు నడిచి వెళ్లేది. బయలుదేరే ముందు ఆదివారం, పూజ అయ్యాక, గుడి వసారాలో కూర్చుని అన్నీ మాట్లాడుకునేవారు. ఎక్కడ గంజి కాచుకోవాలి, ఎక్కడ పడుకోవాలి, బియ్యం ఎవరి నెత్తిన, గిన్నెలు ఎవరి నెత్తిన. పెద్దరికమంతా ఉపదేశిది. ఫాదర్ ఎప్పుడో గానీ మా పల్లెకు వచ్చేవాడు కాదు కాబట్టి, జపాలు చెప్పించేదీ గుడి తాళం దగ్గర పెట్టుకునేదీ ఆయనే. నడకకు ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటి ఉంది. గుంపు ముందు నడిచే సిలువను పొద్దున భుజానికి ఎత్తితే, ఆ పూట మజిలీ చేరేదాకా నేలకు దించకూడదు, నిలబడకూడదు. భుజాలు మారవచ్చు గానీ సిలువ ఆగకూడదు. ఆగితే అందరి మొక్కులూ చెడతాయని.

మా అవ్వ ఆడవాళ్ల వరసలో నుంచి అడిగింది. "దోవలో ఎవురన్నా పడిపోతే ఎట్ల సామీ?"

"సిలువ ఆగదమ్మా. కల్వరికి పోయేటప్పుడు ప్రభువు ఆగినాడా?"

"ఆగలేదు గానీ మూడు తూర్లు పడినాడు గదా. తపసుకాలంలో ప్రతి శుక్రవారమూ సిలువమార్గంలో నువ్వే సెప్పిస్తావే."

వసారా అంతా నవ్వింది. "ముసిల్దానికి ఫాదర్ అంగీ కుట్టించి పీఠం కాడ నిలబెట్టండప్పా" అని ఎవరో అన్నారు. ఉపదేశి కూడా నవ్వాడు. "నువ్వు పడకుండా సూసుకో, అంతే సాలు" అన్నాడు. మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తానూ నవ్వింది.

కాళహస్తి దాటేదాకా బాగానే నడిచాము. మా పక్కింటి అక్క మా అవ్వకు తోడు. పెళ్లి కావలసిన పిల్ల. మా మూట కూడా తన నెత్తినే పెట్టుకుని, అవ్వ చెయ్యి పట్టుకుని నడిచేది. అప్పటికే మా అవ్వ మడమ పగిలి పుండు అయింది. గుడ్డ చుట్టుకుని, ఆముదం రాసుకుని, నాతో ఏమీ లేదని చెప్పి నడిచింది. తడ ఇంకా కొంత దూరం ఉందనగా ఎండ నడినెత్తికి వచ్చింది. ఆమెకు నోరు ఎండిపోయింది. రోడ్డుకు ఎడంగా పొలంలో బావి కనిపిస్తే, చెంబు ఇచ్చి నన్ను నీళ్లకు పంపింది.

నేను తిరిగి వచ్చేసరికి ఆమె మోరీ గట్టు మీద ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన మా మూట. గుంపు చాలా దూరం పోయింది. మనుషుల తలల మీద సిలువ ఒక్కటే ఊగుతూ కనిపిస్తోంది.

"అక్క యాడ?" అన్నాను.

"మూట దించిపెట్టి పోయిండాదిలే. సిలువ ఆగకూడదు గదా."

నేను చెంబు అక్కడే పెట్టి పరుగెత్తాను. గుంపు చివర నడుస్తున్న మగవాళ్లను అందుకుని, మా అవ్వ పడిపోయిందని చెప్పాను. ఒకాయన నడక ఆపకుండానే నా తల నిమిరాడు. "మెల్లిగా పిల్సుకోని రా నాయనా, రాత్రికి మజిలీలో కలుద్దురు" అని మళ్లీ పాట అందుకున్నాడు. ఇంకొకాయన ఇంత బెల్లం నా చేతిలో పెట్టాడు. అదీ వాళ్ల దయ. అక్క ఎక్కడో ముందు వరసలో ఉంది. ఎన్నిసార్లు పిలిచినా వెనక్కి తిరగలేదు.

ఏడుస్తూ వచ్చిన నన్ను చూసి మా అవ్వ వాళ్లను ఒక్క మాట అనలేదు. మోరీ పక్కన పడి ఉన్న రెండు కంప పుల్లలు ఏరి, ముళ్లు గిల్లేసి, చీర అంచు చింపిన పేలికతో అడ్డంగా కట్టి నా చేతికి ఇచ్చింది.

"ఇది మన సిలువ. నువ్వే ముందర నడవాల. నేను సాలు అన్న సోట దీన్ని దించాల, ఎత్తు అంటే ఎత్తాల."

"దించితే మొక్కు సెడదా?"

"ఎవురు సెప్పినారు? ఇది దించేదానికే కట్టింది."

అలా నడిచాము. నాలుగడుగులు వేసి ఆమె చాలు అనేది, నేను పుల్లలు నేల మీద పెట్టి పక్కన కూర్చునేవాణ్ణి. కూర్చున్నప్పుడల్లా ఆమె నా నుదురు తాకి చూసేది. నొప్పి తన కాలిది, భయం నా జ్వరానిది. పొద్దు వాలేవేళకు సర్వికట్టెల బండి తోలుకుని పోతున్న ఒకాయన, మేము ఏ ఊరో ఏ మతమో అడగకుండా ఎద్దులను నిలిపి, ఆమెను ఎత్తి కట్టెల మీద కూర్చోబెట్టాడు. తడలో మమ్మల్ని బస్సు ఎక్కించేదాకా ఉండి పోయాడు.

ఇల్లు చేరాక కాలు నల్లబడింది. చక్కెర జబ్బు అన్న మాటే అప్పటికి మా పల్లెలో ఎవరికీ తెలియదు. గుంపు తిరిగి రాకముందే ఆమెను మట్టి చేశాము. వచ్చినవాళ్లు వేళాంగణి నుంచి తెచ్చిన నూనెను ఆమె సమాధి మీద పోసి, మొక్కు తీరినట్టేనని నాకు చెప్పారు. ఎవరి మొక్కు తీరినట్టు?

నేను అక్షరాలు కూడా రాకముందే బడి మానేసి నాయన వెంట మండీకి పోయాను. కాయలకు చుట్టి వచ్చిన పత్రికల ముక్కల మీద చదువు నేర్చుకున్నాను. చదవడం వచ్చాక మొట్టమొదట బైబిలు వాక్యమే చదివాను, సిలువ దించకూడదని ఎక్కడ రాసి ఉందో చూద్దామని. నాకు కనపడలేదు. దారిలో పడి ఉన్నవాణ్ణి దాటిపోయినవాళ్లను ప్రభువు మెచ్చుకున్న చోటు కూడా కనపడలేదు. ఉపదేశిని అడిగాను. కట్టుబాటు అది అన్నాడు. మిగిలినవాళ్లను అడిగాను. చూడలేదన్నారు, వెనక ఎవరో ఉంటారనుకున్నామన్నారు, ఆమే పొమ్మన్నదన్నారు. ఒక్కొక్కరే పోయారు. అక్కను ఎన్నోసార్లు అడిగాను. మూట దించడానికి ఆగినదానివి, పక్కన కూర్చోవడానికి ఎందుకు ఆగలేదని. పొయ్యి మీద పాలు ఉన్నాయనో, పిల్లలు ఏడుస్తున్నారనో లేచి వెళ్లిపోయేది.

ఈ ఏడు మా గుడి కుర్రవాళ్లు మళ్లీ నడక తలపెట్టారు. మాత బొమ్మ వేసిన బనియన్లు, వాట్సాప్ గ్రూపు, మైకు కట్టిన వ్యాను. మాట్లాడుకునే రోజు నేనూ వెళ్లి కూర్చున్నాను. సిలువ దించకూడదన్న ఆ కట్టుబాటును వాళ్లలో ఒక పిల్లవాడు ఫోనులో చూసి చదివాడు. నేను లేచి, ఎవరైనా పడిపోతే ఎట్లా అని అడిగాను.

"వెనక వ్యాను వస్తాది తాతా, ఎత్తుకుంటాది. నువ్వూ రా, ముందు సీటు నీకే" అన్నాడు. అందరూ నవ్వారు. అదే నవ్వు.

"వ్యాను వచ్చేదాకా ఆ మనిషి పక్కన ఎవురు కూర్చుంటారు?" అన్నాను.

దానికి ఎవరూ నవ్వలేదు. బనియన్ల రంగు గురించి మాట్లాడుకున్నారు.

ఆ మోరీ గట్టు నుంచి నాకు అంటుకున్న అలవాటు ఒకటి ఉంది. పెళ్లి ఊరేగింపు కానీ, సాగనంపే శవం కానీ, నేను నడిచేది అందరికన్నా చివరనే. నా వెనక ఎవరూ లేరని తెలిశాకే అడుగు తీసి వేస్తాను. మా ఇంట్లోవాళ్లకు ఇది విసుగు. ముసలితనం కాళ్లకు వచ్చిందంటారు.

ఆ రోజు కూడా అందరూ వెళ్లిపోయాకే బయటికి వచ్చాను. గుడి మెట్ల మీద అక్క కూర్చుని ఉంది. ఆమె మనవరాలు నడకకు పేరు ఇచ్చింది. ఆ పిల్ల కోసం ఎదురుచూస్తోంది. కళ్లు సరిగా ఆనవు, నా దగ్గు విని గుర్తుపట్టింది. పక్కన కూర్చుని, నేను జీవితమంతా అడిగినదే మళ్లీ అడిగాను. ఈసారి లేచి పోవడానికి ఆమెకు కాళ్లలో సత్తువ లేదు. చేతికర్రను అటూ ఇటూ తిప్పింది. తర్వాత నా వైపు తిరగకుండానే చెప్పింది.

"నిలబడితే నన్ను గూడా ఇడిసిపెట్టి పోతారని బయమేసింది రా."