మెట్టుకో సొరుగు

అన్సెల్మోకు ఏ వస్తువూ పారేయడం చేతకాదు. ఇరవై రెండేళ్లు దీవుల మధ్య తిరిగే ఓడల్లో ఇంజన్లు బాగుచేసి, ఆ తర్వాత గింబాల్‌ అనే ఊళ్లో సొంత ఇంటికి చేరి, ఇంటి కిందే ఫ్యాన్లూ కుట్టుమిషన్లూ రిపేరు చేసుకుంటున్నాడు. ఊళ్లో ఏ ఫ్యాను చచ్చినా దాని శవం అతని దగ్గరికే వస్తుంది. పాలడబ్బాల్లో మరలు, బిస్కెట్ డబ్బాల్లో స్ప్రింగులు, ఎందులో ఏముందో తెలియని సంచులు డజను. ఒకసారి బియ్యం డబ్బాలో గుప్పెడు వాషర్లు తేలాయి. భార్య లియోనీలా వాటిని అతని కంచంలో అన్నం పక్కన కూరలా వడ్డించి, తినమని ఎదురుగా కూర్చుంది.

కింద పని గది, పైన కాపురం, మధ్యలో మెట్లు. ఒక్కో మెట్టు అడుగు ఎత్తు. పోయినేడు వానల్లో లియోనీలా మోకాలు పట్టేసింది. రోజూ నూనె రాసి గుడ్డ కట్టుకున్నా వదల్లేదు. అప్పట్నుంచి ఒకసారి కిందికి దిగితే సాయంత్రం దాకా ఎక్కేది కాదు, పైనుంటే దిగేది కాదు. ఉప్పుకీ సబ్బుకీ కూడా పైనుంచి కేకే. ఒకరోజు తేల్చేసింది.

"ఇక నావల్ల కాదయ్యా. మంచం కిందికి దించెయ్. నీ డబ్బాలన్నీ పాత ఇనుమోడికి ఇచ్చెయ్."

"అన్నీనా?"

"అన్నీనే. నువ్వూ వెళ్తానంటే నిన్ను కూడా తూకం వేసుకుంటాడులే."

అన్సెల్మో నవ్వాడు. పని గది పోతే పొద్దున్న లేచి ఈ చేతుల్ని ఏం చేసుకోవాలి? పోనీ, ఆమె నొప్పితో మూలుగుతుంటే డబ్బాలు పట్టుకుని వేలాడటం మనిషి చేసే పనేనా? రెండు రోజులు మెట్ల మీదే కూర్చుని ఆలోచించాడు. కూర్చున్న చోటే దారి కనిపించింది. మెట్ల కిందున్న చోటంతా ఉత్త గాలికి వదిలేశారు గదా!

మెట్లు విప్పేసి మళ్లీ కట్టాలి. ఒక్కోటి జానెడే ఎత్తుండాలి, మోకాలికి సుఖంగా. ప్రతి మెట్టు ముఖానా ఒక సొరుగు. వాడని సామానంతా సొరుగుల్లో పెట్టేద్దామని లియోనీలాకు చెప్పాడు. సామాను అందులోకి పోతుంది, ఆమె పైకి పోతుంది.

నెలన్నర పట్టింది. చట్రాలకు గుమ్మడి టేకు కలప, సొరుగులకు మూలన పడున్న పెళ్లినాటి మంచం పలకలు. మంచం విప్పుతుంటే లియోనీలా ఒక మాట విసిరింది గానీ అది ఇక్కడ రాసేది కాదు. సొరుగులు జారడానికి చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు అడిగి తెచ్చి అంచులకు రుద్దాడు. పట్టుకోవడానికి చచ్చిన ఫ్యాన్ల స్పీడు మీటలు బిగించాడు. ఏ సొరుగులో ఏముందో తెలియాలని ఒక్కో దాని మీద లోపలున్న రకం మరనో స్ప్రింగునో కొట్టి పెట్టాడు. తెరిచి మరిచిపోతే కాలు విరుగుతుంది కాబట్టి ప్రతిదానికీ ఒక చెక్క గడియ.

లెక్క కూడా చూసుకున్నాడు. ఆ దీవుల్లో మెట్లు కట్టేవాడెవడూ లెక్క చూడకుండా సుత్తి పట్టడు. మొదటి మెట్టు బంగారం, రెండోది వెండి, మూడోది చావు, మళ్లీ బంగారం, అలా పైదాకా. చివరిది చావు మీద ఆగకూడదు. అన్సెల్మో ఎనిమిది సొరుగులు కట్టాడు. ఎనిమిదోది వెండి. అతని చెయ్యీ మనసూ రెండూ నిండాయి.

ఊరి పండగ రెండు రోజులుందనగా అత్తగారు బసిలిసా వచ్చింది. ఎనభై ఒకటి నిండినా చేతికర్రను నడవడానికి కన్నా ఎదుటివాళ్లను పొడవడానికే ఎక్కువ వాడుతుంది. పండగ పులుసుకని చంకలో చిన్న పనసకాయ. మెట్ల ముందు ఆగి, కర్రతో ఒక్కో మెట్టూ చూపిస్తూ లెక్కపెట్టింది. ఎనిమిదోది దాటి కర్ర పైగది నేల మీద ఆగింది.

"చావు," అంది.

"అయ్యో అత్తయ్యా, అది మెట్టు కాదు, పైగది నేల."

"దాని మీద కాలు పెడతావా, పెట్టవా?"

"పెడతాను."

"కాలు పెడితే మెట్టే. ఓడలో ఇదేనా నేర్చుకున్నావు?"

నిజంగా అక్కడే నేర్చుకున్నాడు. ఓడ నిచ్చెనకు మెట్లే లెక్క, పైనున్న డెక్కును ఎవరూ లెక్కపెట్టరు. ఇరవై రెండేళ్ల అలవాటు ఇంటి మెట్ల మీద కాటేసింది. పాత మెట్లు ఆరే, పైనేలతో ఏడు, అంటే బంగారం. అతని తండ్రి కట్టినవి అవి.

"నేనెక్కను. నా కూతురూ ఎక్కదు," అని బసిలిసా పనసకాయను పని బల్ల మీద పెట్టి, పక్కనే కూర్చుంది.

లియోనీలా తల్లిని వెక్కిరించింది. చావు రావాలంటే మెట్లే ఎక్కి రావాలా, కిటికీ లేదా అంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. ఒక్క క్షణం నిలబడి కాలు వెనక్కి తీసుకుంది.

"నేను నమ్మనయ్యా, తెలుసుగా నీకు. కానీ అమ్మ నోటితో ఆ మాట అన్నాక కాలు రావట్లేదు. మంచం దించెయ్ పో."

అన్సెల్మోకు అత్త మీద పీకల దాకా కోపం వచ్చింది. తన మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. ఒక మెట్టు తీసేద్దామా? అప్పుడు లెక్క వెండి మీద ఆగుతుంది గానీ, మిగిలినవన్నీ ఎత్తవుతాయి. మోకాలికి మళ్లీ మొదటికే. సొరుగులన్నీ విప్పి మళ్లీ కొయ్యాలి. ఆ రోజంతా ఒకే సొరుగును తెరిచాడు, మూశాడు.

మర్నాడు పొద్దున్న తల్లీకూతుళ్లు మెట్ల దగ్గరే కూర్చుని చేతులకు నూనె రాసుకుని పనసకాయ కోస్తున్నారు. లియోనీలా మోకాలు సాగక, బట్టలుతికే పీట లాక్కుని దాని మీద కాలు పెట్టుకుంది. పీట మొదటి మెట్టుకు ఆనుకుని ఉంది. ఎత్తు అర జాన.

అన్సెల్మో పీట వైపు చూశాడు, పైకి చూశాడు, పెదాలు కదిలించి లెక్కపెట్టాడు.

"అత్తయ్యా! ముందొక చిన్న మెట్టు పెడితే?"

బసిలిసా కత్తి ఆపలేదు. "చిన్నదా పెద్దదా అని లెక్క అడగదు. కాలు పెడితే మెట్టే."

పీటంత ఎత్తు, మెట్టంత వెడల్పు. రాత్రికల్లా కట్టేశాడు. దానికీ ఒక సొరుగు, మరీ లోతులేనిది. అందులో ఏం పెట్టాలో తోచక, దాని మీద ఏదీ కొట్టకుండా ఖాళీగా వదిలేశాడు.

పండగ రోజు బసిలిసా కర్ర తాటిస్తూ ఎక్కింది. "బంగారం... వెండి..." పైగది నేల మీద కర్ర గట్టిగా కొట్టి, "బంగారం!" అని అరిచింది. వెనకే లియోనీలా ఎక్కింది. కందులూ పంది మాంసమూ పనసకాయా కలిపి కింద వండి, అన్సెల్మో ముందే పైకి చేర్చిన పులుసు పొగలు కక్కుతోంది. అన్సెల్మో కింద నిలబడి ఆమె పాదాలనే చూశాడు. ఎక్కడా ఆగలేదు.

పండగ వెళ్లిన మూడో రోజు ఒక ఫ్యాను విప్పుతుండగా అతనికి ఏదో లోటు అనిపించింది. కాసేపటికి తెలిసింది. పొద్దున్నుంచీ పైనుంచి ఒక్క కేకా లేదు. ఉప్పుకు తనే దిగింది, సబ్బుకు తనే దిగింది, వెనిగర్ సీసా కోసం ఇంకోసారి దిగి, ఇంత చెత్తలో ఎలా కూర్చుంటావయ్యా అని తిట్టి మరీ ఎక్కింది.

మిగిలిన మరలు వేద్దామని కింది చిన్న సొరుగు లాగాడు. అది ఖాళీగా లేదు. లోపల సగం వాడిన మోకాలి నూనె సీసా, చక్కగా మడిచిన కట్టుగుడ్డ.

"లియోనీలా, ఇవి ఇక్కడెందుకు పెట్టావు?"

"నువ్వే గదా అన్నావు, వాడని సామానంతా సొరుగుల్లో పెట్టేద్దామని!"

అన్సెల్మో సొరుగు నెమ్మదిగా మూసి, గడియ పెట్టాడు.