వేలు వంగిన చోటు

త్రీడీ ప్రింటింగ్ షాపు నడిపే అక్క మిషన్లోంచి తీసిన ప్రతి వస్తువునూ ముందు అరచేత పట్టి చూస్తుంది. మిక్సీ మూతైనా, కుర్చీ చక్రమైనా చేతికి నచ్చితేనే కవర్లో వేస్తుంది. ఆ రోజు గొడుగు పిడి అని చెప్పి ఒకాయన చేయమన్న ముక్కను గోరువెచ్చగా ఉండగానే పట్టుకుంది. చూపుడువేలు దానంతటదే వంగి ఒక చోట ఆగింది. గొడుగుకి ఆ చోటుతో పనేముంది? అది తుపాకీ పిడి.

“అయిందామ్మా?” అన్నాడు కౌంటరు అవతలి పెద్దమనిషి.

“లేదండీ, సగంలో పాడైంది,” అంటూ చేయి వెనక్కి పెట్టుకుంది.

ఆయన విసుక్కోలేదు. “మళ్లీ పెట్టమ్మా, ఉంటాను. తక్కిన ముక్కలన్నీ ఒక్కోటి ఒక్కో షాపులో చేయించేశా. ఇదొక్కటే మిగిలింది,” అని నింపాదిగా కూర్చున్నాడు.

వీపు వెనక అక్క వేలు ఇంకా వంగే ఉంది.