మడత లేని చీటీ

పులివెందుల దగ్గర మా బామ్మర్ది చీనీతోటను జేసీబీతో పెరికించిన రోజు, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. నా జీవితంలో అలాంటి రోజు అదొక్కటే.

నేను జమ్మలమడుగులో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. కాపురం ప్రొద్దుటూరులో. నన్ను తక్కువ చేసినవాళ్లను మరిచిపోయే అలవాటు నాకు లేదు. ఒక సెమినార్‌లో యూనివర్సిటీ వాళ్లకు పింగాణీ కప్పుల్లో కాఫీ ఇచ్చి, మా కాలేజీల వాళ్లకు కాగితం కప్పుల్లో పోశారు. పోసినతని ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

చీనీ అంటే బత్తాయే. మా బామ్మర్ది తోట వరసగా ఎండుతూ వచ్చింది. కొమ్మల కొసల్లో మొదలై చెట్టు చెట్టంతా నిలువునా ఎండేది. అయితే నడిమధ్య ఒక సాలు చెట్లు మాత్రం పచ్చగా నిలిచాయి. నీళ్లు అవే, ఎరువు అదే, అంటు మొక్కలు తెచ్చిన నర్సరీ కూడా ఒక్కటే. ఆ సాలు వేళ్లలో ఏముందో తెలుసుకోవాలని నా పట్టుదల. అందుకు రెండు మూడేళ్లు చెట్లు అలాగే నిలబడి ఉండాలి. ప్రతి కాలంలోనూ మట్టీ వేరూ తీసి, మంచి ల్యాబ్‌లో పరీక్షించాలి.

అందుకు కావలసిన డబ్బు ముందు మన దేశంలోనే అడిగాను. ఇంటర్వ్యూలో కమిటీ పెద్ద ఫోన్ చూసుకుంటూ ఏ కాలేజీ అన్నాడు. చెప్పాను. అదెక్కడుంది అన్నాడు. అంతే. డబ్బు ఇవ్వం అని కూడా ఎవరూ చెప్పలేదు. నేను రాసిన ఫిర్యాదులకూ జవాబు లేదు.

ఆ కాగితం కప్పుల సెమినార్‌లోనే యూరప్‌లోని ఒక చిన్న దేశం నుంచి వచ్చిన ఆవిడ పరిచయమైంది. ఆవిడ కూడా చెట్ల వేళ్ల మీదే పనిచేస్తోంది. మీ దేశంలో పరిశోధనకు డబ్బు ఎలా ఇస్తారని అడిగాను. పార్లమెంటు డబ్బు కేటాయించి పక్కకు తప్పుకుంటుందట. ఎవరికివ్వాలో మంత్రి చెప్పకూడదు, ఒక మండలి తేలుస్తుంది. దేశం చిన్నది కాబట్టి శాస్త్రవేత్తలంతా ఒకరికొకరు గురువులో శిష్యులో అయి ఉంటారు. అందుకని దరఖాస్తులను బయటి దేశాల వాళ్లతో చదివిస్తారు. మండలిలో ఎవరికైనా దరఖాస్తు పెట్టినవాళ్లతో సంబంధం ఉంటే, ఆ చర్చ అయ్యేదాకా గది బయట కూర్చోవాలి. ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాను. మన దగ్గర గది బయట కూర్చున్నది ఎప్పుడూ నేనే.

ఇద్దరం కలిసి అక్కడ దరఖాస్తు పెట్టాం. పరాయి దేశపు భాగస్వామి ఉండవచ్చునట. చదివినవాళ్ల అభిప్రాయాలు మాకు పంపారు. ఒకాయన మట్టి గురించి నేను రాసింది అస్పష్టంగా ఉందన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన ఎక్కడ తప్పు చదివాడో చూపిస్తూ జవాబు రాశాను. ఆయన ఒప్పుకుని మార్కులు పెంచాడు. నా ఫిర్యాదుకు ఒక మనిషి జవాబివ్వడం అదే మొదటిసారి. నమ్మకం పెట్టుకున్నాను, తప్పు అక్కడే జరిగింది.

ఈలోగా మా బామ్మర్దికి కొత్త బోరులో నీళ్లు పడ్డాయి.

"ఇంకెన్ని దినాలు బావా? నీళ్లున్నప్పుడే అరటి పెట్టుకోవాల. ఎండిన కట్టెలకు కాపలా ఉండాలంట్యా?" అన్నాడు.

"ఫలితం వచ్చేవరకూ ఆగు."

"వస్తే ఉంచుతా. రాకుంటే పెరికిస్తా. మళ్లా మా అక్కతో చెప్పించొద్దు."

ఫలితం ఆవిడ ఫోన్‌లో చెప్పింది. మాకూ ఇంకొకరికీ మార్కులు సమానమయ్యాయి. డబ్బు ఒక్కరికే సరిపోతుంది. అలాంటప్పుడు అక్కడ చీటీ వేస్తారు. చీటీ వాళ్లకు పడింది. మా దరఖాస్తులో ఏ లోపమూ లేదని మండలి వాళ్లే రాశారు.

చీటీలో ఓడడం నాకు కొత్త కాదు. మా చర్చి కమిటీ ఎన్నికలో ఓట్లు సమానమైతే ప్రార్థన చేసి చీట్లు వేశారు. నా చీటీ రాలేదు. గెలిచిన చీటీ మడత కాస్త లావుగా ఉండటం నేను చూశాను. మడిచినాయనతో ఈనాటికీ మాట్లాడను. ఆయన వందనం చెబితే నేను పాటల పుస్తకం తెరుస్తాను. కానీ ఆ దేశంలో చీటీ తీసింది కంప్యూటరు. మడత లేదు, మడిచిన చెయ్యి లేదు.

పులివెందుల వెళ్లి మా బామ్మర్దికి విషయం చెప్పాను. నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అంత చదువుకున్నోళ్లు చీటీ ఏసినారా? మా చీటీల సంఘం మాదిరే? ఎవురు తీసినారు?"

"కంప్యూటరు."

"చిన్నబిడ్డతో తీయించింటే పోయేది గద. దాని మీద కూడా అర్జీ పెడతావా ఏంది?"

"ఎవరి మీద పెట్టాలి?"

"అదే గదా నేనూ అడుగుతాండేది" అని, నవ్వు ఆపి మెల్లగా అన్నాడు. "చీటీ అంటే చీటీనే బావా. పడనోడు లేచి ఇంటికి పోవాల."

"ఆ పచ్చని సాలు ఒక్కటైనా ఉంచు."

"తోట నడిమధ్య సాలు ఉంచితే ట్రాక్టరు యాడ తిరుగుతాది? శానా ఓపిక పట్నా. ఇంగ నన్నేమీ అడగొద్దు."

జేసీబీ వచ్చిన పొద్దున నేను గట్టు మీదే నిలబడ్డాను. ఎండిన చెట్లు ఒక్క తోపుకే పడిపోయాయి. పచ్చని సాలు మొరాయించింది. జేసీబీ బకెట్‌తో కింద నుంచి లేపితే ఆ చెట్లు మట్టిగడ్డలతో సహా పైకి వచ్చి పక్కకు ఒరిగాయి. చచ్చిన చెట్ల వేళ్లు నల్లగా ఉన్నాయి, గిల్లితే పైతోలు ఊడి వచ్చింది. పచ్చని సాలు పిల్లవేళ్లు మాత్రం తెల్లగా, గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఎందుకలా ఉన్నాయో కంటితో చూసి చెప్పలేం. అది తేల్చడానికే కదా ఇన్నేళ్లు తిరిగింది.

మా బామ్మర్ది పక్కకు వచ్చి నిలబడ్డాడు. "చూడు బావా. నువ్వు అడిగిన ఏర్లు ఇయ్యే గదా" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగా చూపిస్తున్నాడు.

కొన్ని వేళ్లు కోసి తడి గోనెసంచిలో చుట్టాను. వాటిని ఎక్కడికి తీసుకుపోవాలన్న ప్రశ్న అప్పుడు తట్టింది. మా కాలేజీ మైక్రోస్కోపు లెన్సు బూజు పట్టి చాలా కాలమైంది. సంచి గట్టు మీదే పెట్టేశాను. మధ్యాహ్నానికి బయట పడున్న వేళ్లన్నీ ఒకే రంగుకు తిరిగాయి. ఏది పచ్చని సాలుదో ఏది చచ్చినదానిదో నాకే తెలియలేదు.

పక్క తోటాయన కంచె దగ్గరకు వచ్చాడు.

"సార్, మా చెట్లు గూడా కొసల్లో ఎండుతాండాయి. మీరు శానా దినాలుగా చూస్తాండారు గదా. ఏం చేయాల?"

"నాకు తెలియదు" అన్నాను.

ఆయన నన్నూ, చేతిలోని కత్తినీ, గోనెసంచినీ చూశాడు. చెప్పడం ఇష్టం లేక అన్నాననుకున్నట్టున్నాడు. ఇంకో మాట అడగకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పులివెందుల బస్టాండులో ఆయన ఎదురుపడ్డాడు. నేను నమస్కారం పెట్టాను. ఆయన ముఖం తిప్పుకుని బస్సు బోర్డు చదవసాగాడు.