మంద కుక్క ముందర వంగకూడదు

ఇంటికి తాళం వేశాక తాళంచెవి ఎవరికివ్వాలో తోచలేదు. చొక్కా జేబులో వేసుకుని సైకిలెక్కాను. కళ్యాణదుర్గంలో మేడ మీద రెండు గదుల అద్దె ఇల్లు నాది. మా ఆవిడ పోయి రెండేళ్లు, నేను ఉద్యోగం నుంచి దిగిపోయి ఆరు నెలలు. పిల్లలు లేరు. ఈ వయసులో సైకిల్ మీద జిల్లా చుట్టి రావాలన్న బుద్ధి ఎందుకు పుట్టిందయ్యా అంటే, ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు గనక. పెనుకొండ, గోరంట్ల, కదిరి, అక్కణ్నుంచి పైకి తాడిపత్రి, యాడికి, మళ్లీ అనంతపురం మీదుగా ఇల్లు. ఇప్పుడు రెండు జిల్లాలు చేశారు గానీ నాకు మాత్రం అదంతా ఒకటే. పది పన్నెండు రోజులు పడుతుందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే మనిషి ఉంటే అసలు బయలుదేరేవాణ్నే కాదు.

ఈ నేల మీద సైకిల్ తొక్కేవాడికి ఎండ ఒక బాధ, ఎదురుగాలి ఒక బాధ. రెండింటినీ మించింది కుక్కల బాధ. ఊళ్లో మొదటి ఇల్లు రాకముందే ఒకటి లేస్తుంది. అది మొరగగానే తక్కినవన్నీ, సంగతేమిటో కనుక్కోకుండానే, లేచి వస్తాయి. ఊరి చివరి దాకా సాగనంపి, ఎవరో గీత గీసినట్టు ఒకచోట ఆగిపోతాయి. అవతల ఇంకో ఊరి కుక్కల వంతు. మొదటిరోజే కొన్ని సంగతులు నేర్చుకున్నాను. తప్పించుకుందామని గబగబా తొక్కితే అవీ గబగబా వస్తాయి. దిగి నిలబడితే సగం వాటికి ఏం చేయాలో తెలియదు. వాటి పగ తిరిగే చక్రంతోనే గానీ మనిషితో కాదు. సైకిల్‌ని నాకూ వాటికీ మధ్య అడ్డం పెట్టుకుని, వాటి కళ్లలోకి చూడకుండా, "ఏయ్, పో" అంటూ మెల్లగా నడవాలి. అప్పటికీ వినకపోతే రాయి కోసం వంగాలి. రాయి దొరకనక్కర్లేదు, వంగితే చాలు. మన వైపు పుట్టిన ఏ కుక్కకైనా ఆ భాష తెలుసని నా నమ్మకం.

నిజం చెప్పాలంటే, ఆ రోజంతా నన్ను పలకరించింది కుక్కలే. టీ కొట్లో "ఒక టీ" అన్నాను, ఆయన ఇచ్చాడు. దాన్ని మాట్లాడుకోవడం అనలేం.

రెండోరోజు పొద్దున, గోరంట్ల ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లు ఉందనగా, వేరుశనగ పీకేసిన చేలో గొర్రెల మంద కనబడింది. మా వైపు పంట తీసేసిన చేలో మంద పెట్టించుకుంటారు. గొర్రెలు రాత్రిళ్లు అక్కడ పడుకుంటే చేనుకు ఎరువు. కాపరులు మందతోపాటే ఒక చేను నుంచి ఇంకో చేనుకు కదులుతూ నెలల తరబడి బయటే బతుకుతారు. మంద అప్పుడే రోడ్డు దాటుతోంది. వెంట రెండు కుక్కలు. ఎముకలు తేలిన ముసలిది గొంతు చించుకుంటోంది. బూడిదరంగుది నోరు మెదపకుండా నన్నే చూస్తోంది. మొరిగే కుక్క కరవదంటారు గదా. మొరగనిది కరుస్తుందని ఆ సామెతలోనే ఉన్న రెండో సగం నాకు తట్టలేదు. అనుకున్న ప్రకారం దిగాను, సైకిల్ అడ్డం పెట్టాను, ముసలిదాన్ని అదిలించడానికి రాయి కోసం వంగాను. బూడిదరంగుది వెనక నుంచి చుట్టి వచ్చి నా పిక్క పట్టుకుంది.

తలకు టవలు చుట్టుకున్న ఒకావిడ, నలభై ఏళ్లుంటాయేమో, కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కుక్కను అదిలించి నా కాలి వైపు చూసింది. అయ్యో అనలేదు.

"ఎందుకు వంగినావప్పా?" అంది.

రాయి కోసమన్నాను.

"మంద కుక్క ముందర వంగకూడదు. దొంగలు బండి మీద వచ్చి, వంగి, గొర్రిపిల్లను ఎత్తుకొని పోతాండారు. నువ్వు రాయికి వంగినావో పిల్లకు వంగినావో దానికేం తెలుసు?"

కాలు భగ్గున మండుతున్నా ఆ మాట నిజమేననిపించింది. ఊరకుక్క వంగినవాణ్ని చూసి పారిపోతుంది. మంద కుక్క వంగినవాణ్ని పట్టుకోవడానికే ఉంది. అది తన పని తాను చేసింది, తప్పు పని చేసినవాణ్ని నేనే.

ఆమె కారంపొడి తెచ్చి గాయానికి అద్దబోయింది. నేను వద్దని, సబ్బుతో పావుగంట కడగాలని చెప్పాను. ఎక్కడో చదివిన ముక్క. సంచీలో సబ్బు ఉంది గానీ నా సీసాలో నీళ్లు గుక్కెడే మిగిలాయి. ఆమె తుమ్మచెట్టు కింద పెట్టుకున్న రెండు బిందెలూ తెచ్చి, నేను రుద్దుకుంటున్నంతసేపూ సన్నగా ధార పోసింది. పావుగంట అయ్యేసరికి రెండూ ఖాళీ. అవి వాళ్లు తాగడానికీ వంటకూ రోజంతటికీ తెచ్చుకున్న నీళ్లనీ, వాళ్లాయన మళ్లీ మోపెడ్ వేసుకుని ఎక్కడో ఉన్న బోరు దాకా పోవాలనీ అప్పుడు తెలిసింది. కరిచినప్పటికంటే అప్పుడు ఎక్కువ బాధపడ్డాను.

ఈలోగా చేను ఆసామి వచ్చాడు. దారిన పోయే మనిషిని కరిచిన కుక్కను ఉంచకూడదు, కొట్టి చంపేయమన్నాడు. ఆమె భర్త కాదనలేకపోయాడు. ఆసామిని కాదంటే మంద ఎక్కడ పెట్టాలి? నేనే చంపొద్దని బతిమాలాను. జాలితో కాదు, ప్రాణభయంతో. కరిచిన కుక్క పది రోజులు బాగుంటే దానికి పిచ్చి లేనట్టేనని విన్నాను. ఇప్పుడే చంపేస్తే ఆ సంగతి నాకు తెలిసేదెలా? ఆసామి గొణుగుతూనే పది రోజులకు ఒప్పుకున్నాడు. ఆమె తన ఫోన్ నంబరు చెప్పింది. పరాయి ఆడమనిషి పేరు అడగడానికి మొహమాటపడి, ఫోన్‌లో "కుక్క" అని రాసుకున్నాను.

గోరంట్లలో ఆస్పత్రికి పోయి సూది వేయించుకున్నాను. ఇవాళ్టితో మొదలుపెట్టి మూడోరోజు, ఏడోరోజు, ఇరవై ఎనిమిదోరోజు వేయించుకోవాలని, ఏ సర్కారు ఆస్పత్రిలోనైనా వేస్తారని నర్సు చెప్పింది. కుక్క మీద ఒక కన్నేసి ఉంచమంది. దానికేమైనా అయితే వెంటనే రావాలట. బాగుంది గదా అని మాత్రం సూదులు మానకూడదట. ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమని కూడా చెప్పింది. ఇంటికి వెళ్లి చేసేదేముంది, ఫ్యాను కింద కూర్చుని పిక్క చూసుకోవడం తప్ప? మర్నాడు కుంటుతూ కదిరి దారి పట్టాను.

సాయంత్రం ఆరింటికి ఫోన్ చేశాను. "ఉండాదా?" అన్నాను. "ఉండాది" అంది. అంతే. మర్నాడూ అంతే. మూడోరోజు సంగటి తిన్నదని చెప్పింది. నాలుగోరోజు మంద ఇంకో చేనుకు మారిందని, ఒక గొర్రె ఈనిందని, ఆ పిల్లను పక్కన పెట్టుకుని కుక్క ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదని చెప్పింది. నా కాలి సంగతి అడిగింది. వాపు తగ్గిందన్నాను. రోజుకు ముప్పై నలభై కిలోమీటర్లు తొక్కుతూ ఎర్రనేల, బోడిగుట్టలు, ఎండిన వంకలు చూస్తూ పోతున్నవాణ్ని, నాకు తెలియకుండానే మధ్యాహ్నం నుంచే ఆరింటి కోసం చూడటం మొదలుపెట్టాను. ఎదురైన కుక్కలకు ఇప్పుడు వంగడం మానేశాను. నిలబడి, అవి అలసిపోయే దాకా మొరగనిచ్చి, నడిచిపోతున్నాను.

ఐదోరోజు ఫోన్ కలవలేదు. ఆరుకు, ఆరున్నరకు, ఏడుకు చేశాను. కుక్క చచ్చిందని, చెప్పలేక ఫోన్ ఆపేసిందని ఖాయం చేసుకున్నాను. పిచ్చి కుక్క కరిస్తే నీళ్లు మింగుడుపడవంటారు. లాడ్జి గదిలో గ్లాసు నీళ్లు తాగి చూశాను. దిగాయి. నమ్మకం చాలక ఇంకో గ్లాసు తాగాను. అలా కూజా అంతా తాగేశాను. చావు కంటే, ఈ గదిలో నేను పోతే ఎవరికి కబురు చేయాలో లాడ్జి వాళ్లకు తెలియదన్న ఆలోచన ఎక్కువ పట్టి పీడించింది. తెల్లవారగానే చేస్తే ఆమె ఎత్తింది. చార్జింగు పెట్టుకోవడానికి దగ్గర్లో కరెంటు లేదట.

"ఫోను సచ్చిందప్పా, కుక్క కాదు" అంది.

గట్టిగా నవ్వాను. నా నవ్వు నేను విని చాలా రోజులైంది.

మూడోరోజు సూది దారిలోనే వేయించుకున్నాను, ఏడోరోజుది యాడికిలో పడింది. అక్కడ పుస్తకంలో నా నంబరు రాసుకున్న నర్సమ్మ, మీవాళ్లది ఇంకో నంబరు చెప్పమంది. ఫోన్ తెరిచి పైనుంచి కిందికి వెతికాను. తీసెయ్యడానికి చేతులు రాక అలాగే ఉంచుకున్న మా ఆవిడ నంబరు, గ్యాసు, కరెంటు ఆఫీసు, ఇంటి ఓనరు. అద్దె కట్టేటప్పుడు తప్ప ఆయన మొహం చూడను. వెనక జనం నిలబడి ఉన్నారు. "కుక్క" నంబరు చెప్పాను. ఏమవుతారు అని ఆమె అడిగింది. తెలిసినామె అన్నాను. అబద్ధం చెప్పినవాడిలా అక్కణ్నుంచి గబగబా బయటపడ్డాను.

పదోరోజు అనంతపురం చేరి, రోడ్డు పక్కన సైకిల్ ఆపి ఫోన్ చేశాను. కుక్క బాగుందని, ఈనిన గొర్రె కూడా బాగుందని, మంద ఆ ఆసామి చేను దాటి చాలా దూరం వచ్చేసింది కాబట్టి ఇక దాన్ని చంపమనేవాళ్లు లేరని చెప్పింది.

"పది దినాలు అయిపాయ. ఇంగ నీకేం భయం లేదప్పా."

మంచిదమ్మా అన్నాను. కుక్క బాగుంటే మా ఇద్దరికీ మాటలేముంటాయి? ఫోన్ పెట్టేశాను. ప్రాణం దక్కిందని తెలిసిన పూట అంత దిగులుగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇల్లు చేరాను. తాళం తీస్తే గదంతా దుమ్ము. పదకొండోరోజు ఆరింటికి చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. ఏమని అడుగుతాను? పని లేకుండా పరాయి ఇంటి ఆడమనిషికి ఫోన్ చేస్తే వాళ్లాయన ఏమనుకుంటాడు? వెనక్కి పెట్టేశాను. కొన్నాళ్లకు ఆరు కూడా తక్కిన గంటల్లో ఒక గంట అయిపోయింది.

ఇరవై ఎనిమిదోరోజు వచ్చింది. ఆస్పత్రి మా వీధి నుంచి పది నిమిషాల నడక. పోలేదు. మర్చిపోలేదు, తీరిక లేకా కాదు. వేయించుకుంటే మెచ్చుకునేవాళ్లు లేరు, మానేస్తే అడిగేవాళ్లు లేరన్న ఉక్రోషం. మర్నాడూ పోలేదు. ఆ రోజు ఏదో తెలియని నంబరు నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. అప్పు కావాలా అని అడిగేవాళ్లేమోనని ఎత్తలేదు.

ఆ మర్నాడు పొద్దున ఉప్మా కలుపుతుంటే ఫోన్ మోగింది. పైన "కుక్క" అని ఉంది. కుక్కకేదో అయిందనుకున్నాను.

"ఏమన్నా, కడపటి సూది ఏసుకోలేదంటనే నువ్వు?" అంది, ముందు వెనక లేకుండా.

ఎవరు చెప్పారన్నాను. యాడికి ఆస్పత్రి నర్సమ్మట. పుస్తకంలో నాలుగో సూది గడి ఖాళీగా ఉందని, ఇంకెక్కడైనా వేయించుకున్నానేమో కనుక్కుందామని నాకు చేసిందట, నేను ఎత్తకపోతే రెండో నంబరుకు చేసిందట. కుక్క బాగుంది గదా అని ఊరుకున్నానని నసిగాను.

"కుక్క సంగతి ఎవరడిగినారిప్పుడు? నీ సంగతి చెప్పు. ఆయమ్మ నీకేమైతాడని అడిగినాది. మా అన్న అని చెప్పినా. అట్ల చెప్పి, ఏసుకున్నాడో లేదో తెలీదంటే నాకెంత నామర్దా? ఇప్పుడే పో. ఏసుకొని, సాయంత్రం ఆరుకు ఫోన్ చెయ్యి."

నా జవాబు కోసం ఆగకుండా పెట్టేసింది. వెనక గొర్రెల అరుపులు, ముసలికుక్క మొరుగు కాసేపు నా చెవిలోనే ఉన్నాయి. ఉప్మా అడుగంటింది. స్టవ్ ఆపి, సూదుల చీటీ వెతుక్కుని, ఆస్పత్రికి నడిచాను. రెండు రోజులు ఎందుకు ఆలస్యమైందని అక్కడి నర్సు అడిగింది.

"నాదే తప్పమ్మా. మా చెల్లెలు తిట్టి పంపింది" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలియదు. బయటికొచ్చి గడియారం చూసుకున్నాను. ఆరు కావడానికి ఇంకా ఏడు గంటలుంది.