ఒప్పుకుంటామేటి?

మా బావ పోయిన సంగతి నాకు ముందుగా చెప్పింది మా అక్క కాదు, ప్రపంచ జీడిపప్పు పరిశ్రమదారుల సంఘం వారి వాట్సాప్ గ్రూపు. "శ్రీకాకుళం శాఖ పూర్వ అధ్యక్షులు ఇక లేరు" అని ఇంగ్లిషులో ఒక వాక్యం, ఇంటిపేరులో ఒక తప్పు, పక్కన దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు. దాని కిందనే ఎవరో ఆఫ్రికా నుంచి బయలుదేరిన ఓడ కబురు పెట్టారు. దణ్ణాలు ఆ ఓడకే ఎక్కువ వచ్చాయి. నేను చెప్పులు వేసుకుంటూ ఉండగా అక్క ఫోను చేసింది. "ఒరే తమ్ముడా, మీ బావ టీ తాగి, గ్లాసు కింద ఎట్టి, మరి నెగలేదురా" అంది.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని సంఘం వాళ్ళు తమ పత్రిక కోసం నన్నడిగారు. వాళ్ళకు రాయను. ఇక్కడ రాస్తున్నాను. మంచి మాటలే రాస్తాను, కాని అందరి గురించీ కాదు.

పలాసలో జీడి బట్టీలున్నవాళ్ళలో బావ చిన్నవాడు. పెంకుటింటి వెనక ఒక దొడ్డి, అందులో చిల్లుల డ్రమ్ము ఒకటి, దాని కింద మంట, చుట్టూ పిక్కలు కొట్టే ఆడవాళ్ళు. పిక్క అంటే మా వైపు పెంకుతో ఉన్న జీడిగింజ. దాన్ని తడిపి, డ్రమ్ములో వేసి తిప్పుతూ కాలుస్తారు. పెంకులోని నూనె అంటుకుని నల్లటి పొగ లేస్తుంది. లోపలి పప్పుకు దోర రంగు వస్తుంది, కమ్మదనం వస్తుంది. పెద్ద ఫ్యాక్టరీలు పిక్కల్ని ఆవిరితో ఉడకబెడతాయి. ఆ పప్పు కాగితంలా తెల్లగా ఉంటుంది, రుచి కూడా అలాగే ఉంటుంది. ఇది నా అభిప్రాయం. బావ మర్యాదస్తుడు, అంత మాట అనేవాడు కాదు. "ఆళ్ళదీ పప్పే" అనేవాడు.

మధ్యాహ్నం పనివాళ్ళంతా తిన్నారని తెలిస్తే గాని ఆయన కంచం ముందు కూర్చునేవాడు కాదు. ఎవరితో తగవు పడినా మర్నాడు వాళ్ళ గుమ్మం ముందు స్కూటరు ఆపి, పని లేకపోయినా హారను కొట్టేవాడు. అది ఆయన రాజీ. నాతోనూ చాలాసార్లు అలాగే రాజీపడ్డాడు. నేను కాలేజీలో ఇంగ్లిషు పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. స్థానిక సంఘానికి ఆయన ప్రెసిడెంటు, ఇంగ్లిషులో రాసిపెట్టే పని నాది. నేను ఘాటుగా రాసేవాణ్ణి. ఆయన చదివించుకుని, "ఒరే బామ్మర్దీ, ఆడికి కోపం రాకూడదు, సిగ్గు రావాల. మళ్ళీ రాయి" అనేవాడు.

ప్రాంతీయ సంఘాలన్నిటినీ కలిపి ఒకే ప్రపంచ సంఘం చేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు నేను వద్దన్నాను. కొల్లం, మంగుళూరు, మా పలాస, గోదావరి వైపు వాళ్ళు, ఆఫ్రికా వాళ్ళు, వియత్నాం వాళ్ళు, అందరూ ఒక గొడుగు కిందకి రావాలట. చిన్న రాజ్యాలు పెద్ద రాజ్యాల్లో ఎలా కలిశాయో నేను చరిత్ర పుస్తకాల్లో తగినంత చదివాను. విలీనం అన్న మాట ఎప్పుడూ మింగేవాడి నోటి నుంచే వస్తుంది. అదే మాట బావతో అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. దానికి కారణం ఉంది. అంతకు ముందు ఒకసారి ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చిన పిక్కలు చెమ్మపట్టి బూజుతో దిగాయి. బావ విశాఖపట్నంలో ఓడ ఏజెంటు ఆఫీసు బెంచీ మీద పొద్దుటి నుంచి కూర్చున్నాడు. చివరికి ఆ ఏజెంటు బయటికి వచ్చి "మీది ఏ అసోసియేషన్?" అన్నాడు. పలాస అన్నాడు బావ. "అదెక్కడ?" అని అడిగి ఏజెంటు లిఫ్టు ఎక్కేశాడు. విశాఖపట్నంలో కూర్చుని పలాస ఎక్కడని అడిగినవాడి మీద నేనైతే జీవితాంతం పగపట్టేవాణ్ణి. బావ మాత్రం ఒంటరిగా అరిస్తే ఎవరికీ వినబడదని తేల్చుకుని ఇంటికి వచ్చాడు.

కాశీబుగ్గ టీ కొట్టు దగ్గర చిన్న బట్టీలవాళ్ళని కూడేసి మాట్లాడాడు. ఒకాయన వేళాకోళంగా అందుకున్నాడు.

"ఏటి ప్రెసిడెంటు బావా, మన్ని వియత్నామోడికి ఇచ్చి పెళ్ళి సేసేత్తన్నావంట?"

"నిన్ను సేసుకోడానికి ఆడికేటి కర్మరా! గొంతులు కలుపుతన్నాం గానీ కుండలు కలపతన్నామేటి? నీ అన్నం నువ్వే వొండుకుంతావు."

అందరూ నవ్వారు. సంతకాలు పెట్టారు.

ముసాయిదా నియమావళి నేనే ఆయనకు చదివి వినిపించాను. వాళ్ళ వరండాలో కూర్చున్నాం. పప్పు రకాల నిర్వచనాల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు తగ్గింది. తెల్లగా ఉన్నది మొదటి రకం. రంగు తిరిగిన గుండు పప్పంతా, అంటే బద్దలు కాని పప్పంతా, "స్కార్చ్‌డ్", అంటే రెండో రకం.

"అంటే ఏటి?"

"మాడింది అని, బావా."

ఆయన లోపలికి వెళ్ళి నాలుగు పప్పులు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "తిన్నాక సెప్పు. మాడిందేటి?"

"లేదు."

"మరి రాసినోడు తిన్నాడేటి?"

స్కార్చ్‌డ్ అన్న మాట కొత్తది కాదు, వ్యాపారంలో పాతదే. కాని ఇన్నాళ్ళూ అది ఎగుమతిదారుల నోటిలో ఉండేది, కొనేవాళ్ళతో మనం బేరమాడుకునేవాళ్ళం. ఇప్పుడది సంఘం శాసనం కాబోతోంది. డ్రమ్ములో కాల్చిన పప్పు ఎంత బాగున్నా, పుట్టుకతోనే మాడిన పప్పు అయిపోతుంది. ఆ ధరకు చిన్న బట్టీ నిలవదు. ఆవిరి బాయిలరు కొనలేనివాడు మూసుకోవాలి. అందుకని బావ ఒకే ఒక్క షరతు పెట్టాడు. కాల్చిన పప్పుకు దాని పేరుతో దానికొక తరగతి ఉండాలి. "నాకు ఇంకేటీ వొద్దు, ఆ ఒక్క మాట మార్సండి" అన్నాడు. మహాసభలో మాట్లాడమని కబురు వచ్చింది.

మహాసభ విశాఖపట్నంలో సముద్రం ఎదుట ఒక హోటల్లో జరిగింది. చెవులకు తగిలించుకునే యంత్రాలు ఇచ్చారు. వెనక అద్దాల గదిలో కోటు వేసుకున్న దుబాసీ కూర్చున్నాడు. తెలుగువాడే, కాని మా వైపువాడు కాదు. బావ మాట్లాడేది తెలుగు కదా అని నేను యంత్రం తగిలించుకోలేదు. మా ఊరి పెద్ద ఫ్యాక్టరీ యజమాని మాత్రం రెండో వరసలో యంత్రం తగిలించుకుని కూర్చున్నాడు. తెలుగు ప్రసంగాన్ని ఇంగ్లిషులో వింటున్నట్టు పక్కవాళ్ళకు కనబడాలి కదా.

బావ ఇస్త్రీ చొక్కాలో ఇబ్బందిగా నిలబడి, నమస్కారం చేసి, ఇలా అన్నాడు: "మీరంతా ఎక్కడెక్కడి నుంచో వొచ్చినారు. మనందరిదీ ఒకటే పని. కలిసుంతాం. కానీ మా పప్పుని మాడింది అని రాసేత్తే ఒప్పుకుంటామేటి?"

అంతే ప్రసంగం. తర్వాత హాలు హాలంతా చప్పట్లు. అధ్యక్షస్థానంలో ఉన్న విదేశీయుడు దిగి వచ్చి బావను కౌగిలించుకున్నాడు. బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్ని వైపులకూ తిరిగి దణ్ణాలు పెట్టాడు. బల్ల దగ్గరికి వచ్చి నా చెయ్యి నొక్కి, "సూసేవా? మనసులో మాట సెప్తే బాసతో పనేటుంది?" అన్నాడు.

నియమావళి అచ్చయి వచ్చింది. మాట మారలేదు. సభా వివరాల్లో "శ్రీకాకుళం శాఖ ఈ నిర్వచనాన్ని సహృదయంతో అంగీకరించింది" అని ఉంది. నేను సంఘం ఆఫీసుకు వెళ్ళి రికార్డింగు వినిపించమన్నాను. దుబాసీ గొంతు చాలా మర్యాదగా ఉంది. "మా పప్పును మాడినదని రాసినా మేము ఒప్పుకుంటాం" అని ఇంగ్లిషులో చెప్పాడు. చివరి 'ఏటి' అన్న ముక్క ఆయనకు వినబడలేదో, అదేదో మా ఊతపదం అనుకున్నాడో. మా నోట కాదనడమంతా ఆ ఒక్క ఏటిలోనే ఉంటుంది. ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్ళకు తప్ప అది తెలియదు.

ఇంటికి వచ్చి చెబితే బావ ముందు పగలబడి నవ్వాడు. "ఓరి నాయనా! ఏటిని మింగీసినాడ్రా!" అన్నాడు. నవ్వు ఆగాక మెల్లగా, "అయితే ఆ సప్పట్లు నాను ఒప్పుకున్నందుకా?" అని అడిగాడు.

నేను కాగితం, కలం తీసుకున్నాను.

సవరణ కోరాం. ఒక శాఖ కోసం ప్రపంచ నియమం మారదన్నారు. సంఘం అన్న మా పేరు అప్పటికే శాఖ అయిపోయింది. దుబాసీ మీద నాకు కోపం లేదు, పరాయి యాస దగ్గర తడబడ్డాడు. కాని రెండో వరసలో కూర్చున్నవాడికి మా యాసా తెలుసు, చెవిలో ఇంగ్లిషూ మోగింది. అబద్ధమని తెలిసిన మనిషి ఆ హాల్లో అతనొక్కడే. అందరికంటే ముందు చప్పట్లు కొట్టిందీ అతనే. అతని ఫ్యాక్టరీలో బాయిలర్లు ఉన్నాయి.

తర్వాత సభలన్నీ కంప్యూటరు తెర మీదే జరిగాయి. ప్రతి సభలో బావ చెయ్యి ఎత్తిన బొమ్మ నొక్కి తన వంతు కోసం కూర్చునేవాడు. వంతు వచ్చేసరికి సమయం అయిపోయేది. ఒకసారి నిజంగానే పిలిచారు. ఆయన ఎంతో ఆవేశంగా మాట్లాడాడు, మైకు మూసి ఉందని తర్వాత తెలిసింది. చిన్న బట్టీలు ఒక్కొక్కటే ఆగిపోతూ వచ్చాయి. "నువ్వే మమ్మల్ని కలిపీసినావు" అని మొహం మీదే అన్నవాళ్ళున్నారు. వాళ్ళ గుమ్మాల ముందు కూడా ఆయన హారను కొట్టాడు. ఒకరిద్దరు తలుపు తీయలేదు.

నేను వెళ్ళేసరికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. దొడ్డిలో పిక్కలు తడిపి ఉన్నాయి. తడిపినవి కాల్చకపోతే పాడవుతాయి. ఆడవాళ్ళు అడగడానికి నోరు రాక గుమ్మం దగ్గర నిలబడ్డారు. అక్క వాళ్ళని చూసి, "రేపు కాల్సండి. ఆయన సరుకు పాడుసెయ్యకండి" అంది.

పలాసలో సంతాపసభ పెట్టారు. పూలదండ వేసిన ఫోటో పక్కన పెద్ద ఫ్యాక్టరీ యజమాని నిలబడి, "ప్రపంచ ఐక్యత కోసం ఆయన ఎంత పెద్ద మనసుతో ఒప్పుకున్నారో నేను కళ్ళారా చూశాను" అన్నాడు. నేను కుర్చీలోంచి లేవకుండానే అడిగాను.

"ఒప్పుకున్నాడేటి?"

"మాస్టారూ, ఇప్పుడెందుకండీ అవన్నీ..."

"మరెప్పుడు? నువ్వు పోయినాకా?"

ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. ఎవరో మంచినీళ్ళు ఇచ్చారు. మా వైపు ముసలివాడు నిజం చెబితే మంచినీళ్ళు ఇస్తారు. అయినా ఆ హాల్లో ఉన్నవాళ్ళంతా మావాళ్ళే. ఏటి అందరికీ వినబడింది.

దినాలు అయ్యాక ఆ చివరి సరుకు కొట్టి, పొట్టు తీసి, డబ్బాలకు ఎత్తారు. డబ్బా మీద రకం అచ్చు వేస్తే గాని బయటి వ్యాపారి తీసుకోడు. పేకింగు చేసే పైడమ్మ కొబ్బరి చిప్పలో నల్లరంగు కలుపుకుని, అక్షరాలు కోసిన రేకు పట్టుకుని వచ్చింది. రోజూ వేసే అచ్చే. అయినా ఆ రోజు అక్కను అడిగింది.

"అమ్మా, ఏటి అచ్చెయ్యమంతారు?"

"ఎప్పుడూ ఏసీదేటి?"

"మాడిన గుండు, అమ్మా."

"ఎవులు మాడ్సినారే? నువ్వు మాడ్సినావేటి?"

"ఓలమ్మో, నానెందుకు మాడుత్తాను! దోరగా కాల్సినాం."

"మరైతే ఒగ్గీయే."

"అచ్చు నేకపోతే ఎవులు కొంతారమ్మా?"

పైడమ్మ నా వైపు చూసింది. ఇంగ్లిషు చదువుకున్నవాణ్ణి, ఏదైనా మాట చెబుతానని కాబోలు. ఆమె రేకు గోడకు ఆనించి, కుంచె చిప్ప మీద అడ్డంగా పెట్టి, డబ్బాల పక్కనే కూర్చుంది. వరండాలోకి ఎండ వచ్చింది. ఏ అక్షరమూ లేని ఆ డబ్బాలు వరసగా మెరిశాయి. నేను బయలుదేరేసరికి చిప్పలో నల్లరంగు మీద పొర కట్టింది.