గంజి దిగిన గొంగళ్లు

జఫర్‌గఢ్‌లో గొంగళ్లు నేసే ఇంటి ఆడబిడ్డ ఓదెమ్మ. భర్త పోయిన మరుసటేడు, పందొమ్మిది వందల డెబ్బైరెండు వానాకాలంలో, ఆమెకు ఎవరూ లేనిచోట పిలుపులు వినబడసాగాయి. అన్న ఉప్పలయ్య జనగామలోని ఒక ధర్మ దవాఖానకు తీసుకువచ్చాడు.

అక్కడి గదికి పైన రేకులు, కింద బండలు. పళ్లెం జారితే చప్పుడు గోడలన్నీ తిరిగి మళ్లీ వచ్చేది. ఏ పిలుపు బయటిదో, ఏది తన లోపలిదో తెలియక ఓదెమ్మ చెవులు మూసుకుని అరిచేది. ఆ అరుపూ తిరిగొచ్చేది.

"గిట్లనే ఉంటే పట్నంల పిచ్చి దవాఖానకు పంపాలె," అన్నాడు డాక్టరు ప్రతాప్. "ఆడికి పోయినోళ్లు జల్ది రారు. అంతకన్న ముందు ఈ గది నోరు మూయాలె ఉప్పలయ్యా. గోడలకు మందపు బట్టలు కట్టి చూద్దాం."

"బట్టలెందుకు సారూ, మా ఇంట్ల గొంగళ్లు లేవా?"

మగ్గం దిగిన కొత్తవే తెచ్చాడు ఉప్పలయ్య. దవాఖానకు పాతవి ఇవ్వడం నామోషీ. చింతగింజల గంజి పట్టించిన ఆ గొంగళ్లు చెక్కల్లా బిగుసుకుని ఉన్నాయి. గోడలకు కట్టాక డాక్టరు పళ్లెం జారవిడిచాడు. చప్పుడు ఎప్పటిలాగే తిరిగొచ్చింది.

"రేకులు చాలవని ఇంకిన్ని రేకులు తెచ్చినవా అన్నా?" అంది ఆయా రాజమణి.

మూలన కూర్చున్న ఓదెమ్మ లేచి వచ్చి, గొంగడి అంచును వేళ్ల మధ్య నలిపి చూసింది. చిన్ననాటి నుంచి ఆ గంజి పూసిన చేతులవి.

"అన్నా, గిది వానకు చేసింది. నీళ్లనే తాగదు, సప్పుడునేం తాగుతది? గొర్ల మందల వెంబడి తిరిగి గంజి దిగినయి తే."

చాలా రోజుల తరువాత ఆమె నోట వచ్చిన నిండు మాట అది. ఉప్పలయ్య వెంటనే ఊరి మందల దగ్గరికి బయలుదేరాడు.

వాన కురుస్తుండగానే గొర్ల కాపరులు భుజాల మీది గొంగళ్లు తీసి ఇచ్చారు. "బిడ్డ నిద్రపోతే చాలు. నేను చెట్టు కింద నిలబడ్త," అన్నాడు ముసలి వీరస్వామి.

గొర్ల వాసనతో, మెత్తగా, అవి గోడలకు వేలాడాయి. ఈసారి పళ్లెం పడింది, అంతే. ఆ మధ్యాహ్నం ఓదెమ్మ నిద్రపోయింది. లోపలి పిలుపులు వెంటనే పోలేదు. కానీ అవి లోపలివేనని ఇప్పుడు తెలిసేది. తక్కిన పని మందులు మెల్లగా చేశాయి. పట్నం పోవలసిన అవసరం రాలేదు.

ఇంటికి వచ్చాక ఆమె ఉన్ని వడికింది, అన్న నేశాడు. ఇచ్చినవాళ్లందరికీ కొత్త గొంగడి ముట్టింది. వీరస్వామికి తానే తీసుకువెళ్లింది. ఆయన దాన్ని నేల మీద పెట్టి చూశాడు. అది నిలబడింది.

"నాకన్న సక్కగ నిలబడ్డది గదనే."

"రెండు వానలు పడనీ పెద్దబాపు, మెత్తబడ్తది."

"మెత్తబడినంక దవాఖానకు ఇస్త తియ్. ఇంకెవలకన్న నిద్ర పట్టాలె గద."