మా బర్రె మీద బ్రెజిల్ దిష్టి

"ఫోన్ల బర్రెను చూపిస్తివి. గా దేశమోళ్ల దిష్టంత దాని పొదుగుకు తాకుతది. రేపటి నుంచి నీ ఇంగ్లీషు కొట్టంల బంద్."

"దూడ లేకుంట పాలెట్లిస్తదని అడిగింది, అంతే కద బాపమ్మా. రోసా మంచిది."

"మంచిదైతే వాళ్ల బర్రెను చూసుకోమను."

మూడేండ్ల కింద నా మనుమరాలు స్వప్నతోని నేను పెట్టుకున్న కొట్లాట ఇది. అప్పుడు నాది పడుచుదనం, అరవై అయిదే. గెలిచింది నేనే. గెలిచి నా ఇల్లు నేనే ఎట్ల ముంచుకున్ననో చెప్త, నవ్వేటోళ్లు నవ్వండి.

మాది నెల్లికుదురు దగ్గర పల్లె. నేను రెండో తరగతి, స్వప్న డిగ్రీ. ఇంగ్లీషు మాట్లాడొస్తే మహబూబాబాద్‌ల కొలువు దొరుకుతదని పొద్దుగాల అయిదింటికే ఫోన్ల క్లాసుకు కూసునేది. బ్రెజిల్, మెక్సికో, వియత్నాం ఆడోళ్లు అండ్ల చేరి, ఒకరినొకరు జంతువుల ముచ్చట్లు అడుక్కుంట ఇంగ్లీషు నేర్చుకుంటరు. పిల్లి పరుపునెందుకు పిసుకుతది, కోడి మట్టిల ఎందుకు పొర్లుతది, ఇట్లాంటియి. సిగ్నల్ మా ఇంట్ల రాదు, కొట్టంల వస్తది. అందుకని నేను పాలు పిండుతుంటే పక్కన ఆమె ఇంగ్లీషు ఆర్నెల్లు నడిచింది.

మా బర్రెకు దూడ చచ్చిపోయింది. అట్లాంటి బర్రె చేపదు, పాలు ఎగబట్టుకుంటది. మాది మాత్రం ధారగా చేపేది. ఎట్లని బ్రెజిల్ రోసా అడిగితే, "మా బాపమ్మ చేతి మహిమ అని చెప్పు" అన్న. అందరు చప్పట్లు కొట్టిన్రు. రోసా పొదుగును దగ్గరికెల్లి చూపియ్యమన్నది. అప్పుడు పట్టుకున్నది నాకు భయం. మా ఇల్లు నడిచేదే ఆ పాల మీద.

బంద్ పెట్టిన మర్నాడు బర్రె చేపలేదు. నా మహిమంత పెట్టి పిండినా గిన్నె అడుగు తడవలేదు. దిష్టే అని ఖాయం చేసుకున్న. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏసి, దగ్గు నేనే దగ్గిన. దాని మెడకు పాత చెప్పు కట్టిన. పిలవని పెండ్లికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసింది నన్ను. రెండో రోజూ అంతే. ఇట్లనే ఉంటే వట్టిపోతదని పశువుల డాక్టర్ చెప్పి పోయిండు.

మూడోనాడు బస్టాండుకు నడిచిన. కొట్టం బందైనప్పటి నుంచి స్వప్న క్లాసు ఆడనే. జర మీ వాళ్లను అడగవే అన్న.

"నువ్వే అడుగు, బాపమ్మా. నేను ఇంగ్లీషుల చెప్త."

అడిగిన. రోసాకు పదిహేను ఆవులున్నయట, అది నాకు అప్పుడు తెలిసింది. కొట్టంల ఏం మారిందని అడిగింది. తౌడదే, నీళ్లవే, చెయ్యదే అన్న. కొట్టంల తన క్లాసు బందైందని స్వప్న ఇంకోటి కలిపి చెప్పింది. రోసా నవ్వింది. వాళ్ల ఆవులు రేడియో పెట్టనిదే చేపవట. మా బర్రెకు పిల్ల గొంతు అలవాటైందట.

మూడు దేశాలకు నేను తప్పు జవాబు చెప్పిన. నేను దిష్టి అంటగట్టిన మనిషే నా ఇంటి పాలు కాపాడింది. ఫోన్‌కే రెండు చేతులెత్తి దండం పెట్టిన. బస్టాండు బల్ల మీద చెయ్యేసి ఒట్టు కూడ పెట్టుకున్న: బతికున్నన్ని దినాలు బర్రె తరఫున జవాబు చెప్ప, చదువుకునే పిల్ల నోరు మూయించ.

తెల్లారి అయిదింటికి స్వప్న కొట్టంల పీటేసుకొని వియత్నాం ఆమెతోని బాతుల ముచ్చట మొదలుపెట్టింది. నేను సప్పుడు చెయ్యకుంట పొదుగు కడిగిన. బర్రె చేపింది.